ఎవరి మెడకి ఈ కాలరు?

"ఎర్రచుక్క పెడుతుంటే ఆ చెయ్యి కాస్తయినా వణకలేదుటే నీకు?"

కోడలు ఇంకా చెప్పులు విప్పనేలేదు. భుజానికున్న సంచీ దించనేలేదు. అత్తగారు గుమ్మంలోనే అందుకుంది.

"కాళ్ళు కడుక్కుని వస్తాను అత్తయ్యా. అప్పుడు తీరిగ్గా తిట్టండి."

"నిన్ను తిట్టడానికి నేనెవర్నమ్మా? మామగారు కుట్టిన కుట్టుకే చుక్క పెట్టినదానివి, నా వంటకి పెట్టు. నా ఇంటికి పెట్టు. ఇదిగో, ఈ మొహానికి కూడా పెట్టెయ్యి!"

నిజంగానే మొహం ముందుకి చాపింది. కోడలికి నవ్వు తన్నుకొచ్చింది. ఈ సమయంలో నవ్వితే కొంప మునుగుతుందని కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టుకుంది.

లోపలి గదిలో టైలరు మాస్టారు మంచం మీద గోడవైపు తిరిగి కూర్చున్నారు. మధ్యాహ్నం ఫ్యాక్టరీ నుంచి ఒక్కరే నడిచొచ్చింది మొదలు అదే కూర్చోడం. భార్య మంచినీళ్ళిస్తే తాగారు. అన్నం పెడితే తిన్నారు. మాట మాత్రం లేదు. అలిగినవాడు అన్నం మానేస్తే బతిమాలొచ్చు గాని, తినేసి అలిగితే ఏం చెయ్యాలో ఆవిడకి పాలుపోలేదు.

పొద్దున్న మామా కోడలూ కలిసి బయల్దేరినప్పుడు వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చి చూసింది మరి. ఊరి చివర చొక్కాల ఫ్యాక్టరీలో రెండో లైను, అంటే ఇంకో వరస కుట్టుమిషన్లు, పెడుతున్నారు. కొత్తవాళ్ళ చేత రెండు రోజులు పని చేయించి చూస్తారు, నచ్చితే ఉంచుకుంటారు. సూపర్‌వైజరు మేడమ్ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి మామగారికి ఆ అవకాశం ఇప్పించింది కోడలే. లైను చివర తనిఖీ బల్ల కూడా కోడలిదే. కుట్టి వచ్చిన ప్రతి కాలరునీ అట్టముక్క కొలతమీద పెట్టి చూడాలి. సరిపోతే పక్కన పెట్టాలి, సరిపోకపోతే ఎర్రచుక్క అంటించాలి. ఆ బల్లమీదికి ఇవాళ మొట్టమొదట వచ్చిన బుట్ట మామగారిదే అయింది.

"చుక్కలు పెట్టక ఏం చెయ్యమంటారు అత్తయ్యా? బుట్టెడు కాలర్లు కుట్టారు. ఒకటి ఇంకోదానిలా ఉంటే ఒట్టు!"

"నోరు ముయ్యి. ఈ వీధిలో ఆయన కుట్టుని ఇంతవరకూ ఎవరూ వేలెత్తి చూపించలేదు."

"కుట్టు బంగారమే. కొలతే కుదరలేదు."

"పెద్దాయన మొహం చూసి ఒకటో రెండో వదిలెయ్యచ్చుగా!"

"వదిలేస్తే అవి చొక్కాలకి అతుక్కుంటాయి. రేపు ఆ చొక్కాలన్నీ వెనక్కొస్తే నన్నూ మామయ్యనీ కలిపి పంపేస్తారు. అప్పుడు ముగ్గురం కలిసి గోడవైపు తిరిగి కూర్చోవాలి."

సరిగ్గా అప్పుడే బయట సరుకుల ఆటో చప్పుడైంది. అబ్బాయి, అంటే మాస్టారి కొడుకు, వీధి మలుపులోనే అమ్మ గొంతు విన్నాడు. బండిని మెల్లిగా వెనక్కి తిప్పబోయాడు.

"ఎక్కడికిరా పోతున్నావు? లోపలికి రా!"

పిల్లిలా వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. అటు అమ్మ, ఇటు పెళ్ళాం. చూపు నేల మీద.

"ఆకలేస్తోందమ్మా."

"నీ పెళ్ళాన్నడుగు. అన్నానికి చుక్క పెట్టి మరీ వడ్డిస్తుంది."

కోడలు ఇంక ఆగలేదు. సంచీ పట్టుకుని నేరుగా లోపలి గదిలోకి వెళ్ళింది, మంచం మీద గుమ్మరించింది. తెల్లటి కాలర్లు దుప్పటి నిండా పరుచుకున్నాయి. ప్రతిదాని మూలనా ఓ ఎర్రచుక్క. తప్పుపోయిన ముక్కల్ని ఫ్యాక్టరీలో గోనెసంచీలో పడేస్తారు, మసిగుడ్డలకని ఎవరు పట్టుకెళ్ళినా అడగరు.

అబ్బాయితో పాటు వెనకే వచ్చిన అత్తగారు బుగ్గలు నొక్కుకుంది. "సిగ్గులేకపోతే సరి, వాటిని ఇంటికి కూడా మోసుకొచ్చావా!"

కోడలు ఓ కాలరు ఎత్తి పట్టుకుంది. "మామయ్యా, ఇది ఎవరిది?"

గోడ మాట్లాడలేదు. గోడవైపు తిరిగిన మనిషీ మాట్లాడలేదు.

"చెప్పకపోతే దీంతో స్టవ్ తుడిచేస్తాను."

గోడవైపునుంచే జవాబొచ్చింది. "పాలాయనది."

"పాలాయనదేమిటి?" అంది అత్తగారు.

"ఆయన మెడ కుడివైపు లావు. ఏళ్ళ తరబడి ఆ భుజం మీదే క్యాను మోస్తున్నాడు. అటువైపు కాస్త వదులు ఉంచాలి."

కోడలు ఇంకోటి తీసింది. "ఇదో?"

"మంగలిది. వంగి వంగి మెడ ముందుకొచ్చేసింది."

"మరి ఇంత పెద్దది?"

"బడి పంతులిది. అరవడానికి చోటుండాలి కదమ్మా."

అబ్బాయి కిసుక్కుమన్నాడు. అమ్మ గుడ్లురిమి చూసింది, కాని ఆవిడ చూపు కూడా మంచం మీదికే పోయింది. ఉండబట్టలేక ఓ కాలరు తనూ తీసింది. అటు తిప్పింది, ఇటు తిప్పింది.

"మెడే లేనట్టుందే ఇది! మన ఇంటి ఓనరుది కదూ?"

"అవును," అన్నారు మాస్టారు, ఇంకా గోడవైపే చూస్తూ. "గడ్డం తిన్నగా భుజాల మీదే ఉంటుంది ఆయనకి."

అంతే, అందరికీ నవ్వు ఆగలేదు. అబ్బాయి ఆకలి మర్చిపోయి మంచం పట్టె మీద కూలబడ్డాడు. ఒకరు కాలరు ఎత్తడం, ఇంకొకరు ఎవరిదో ఊహించడం, మాస్టారు కాదనడమో ఔననడమో. కాసేపట్లో ఆ మంచం మీద వీధిలో మగాళ్ళందరూ మెడలతో సహా హాజరయ్యారు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కడుపుబ్బ నవ్వింది. తను కోపంగా ఉన్న సంగతి మధ్యలో ఒకసారి గుర్తొచ్చింది గాని, తర్వాత చూసుకుందాంలే అనుకుంది.

"అది కాదు నాన్నా," అన్నాడు అబ్బాయి కళ్ళు తుడుచుకుంటూ, "గీత గీసి ఇచ్చారు కదా. గీత మీద కుట్టేస్తే అయిపోయేది."

మాస్టారు అప్పుడు తిరిగారు.

"ఆ మేడమ్ బుట్ట ఇచ్చి కుట్టమంది. ఎవరి మెడకమ్మా అని అడిగాను. ఎవరి మెడకీ కాదు, కుట్టండి అంది. ఎవరి మెడకీ కాని కాలరు ఎలా కుడతానురా? మిషను మీద చెయ్యి పెడితే కదల్లేదు. పక్కనున్న ఆడపిల్లలు టకటకా కుట్టేస్తున్నారు. నాకు చెమటలు పోశాయి. అప్పుడు మనవాళ్ళని ఒక్కొక్కర్నీ తలుచుకున్నాను. చెయ్యి దానంతటదే నడిచింది."

అత్తగారు చేతిలో కాలరు మంచం మీద పెట్టేసింది.

"రేపు నేను రాను తల్లీ," అన్నారు కోడలితో. "నీకు తలవంపులు తెచ్చాను. చాలు."

"రాకపోతే ఆ చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు మామయ్యా. బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీరూ చూశారు."

"ఇవ్వనీ."

కొట్టు ఉందిగా అని ఎవరూ అనలేదు. అనడానికి కొట్టు లేదు. కిందటి నెలే ఖాళీ చేశారు. అక్కడిప్పుడు రెడీమేడు చొక్కాలు వరసగా వేలాడుతున్నాయి. కుట్టుమిషను మాత్రం ఇంటికొచ్చి వంటగది మూల నిలబడింది. దానిమీద కూరగాయల బుట్ట పెట్టడానికి ఇంట్లో ఎవరికీ మనసొప్పక ఖాళీగానే ఉంచారు.

"ఆ ఫ్యాక్టరీ రాకముందు," అన్నారు మాస్టారు, "ఈ వీధిలో నేను కుట్టిన చొక్కా వేసుకోని మగాడు లేడు."

ఆ మాటకి సమాధానం కోడలు చెబుతుందని అందరూ అనుకున్నారు. అత్తగారు చెప్పింది.

"వేసుకున్నారు. ఒక్కొక్కడికీ ఒకటే చొక్కా. అది ఉతికిన రోజు ఆరేదాకా గడప దాటేవాడు కాడు. పాలాయన తడి చొక్కాతో పాలు పొయ్యడం నేనెన్నిసార్లు చూశాను! ఇంక మన సంగతి. పెళ్ళిళ్ళ రోజుల్లో మన మిషను ఆగేది కాదు. మిగతా రోజుల్లో మన పొయ్యి వెలిగేది కాదు. పక్కింట్లో తినేశాను, మీరు తినండి అనేదాన్ని. గుర్తుందా?"

"గుర్తుంది. పక్కింటావిడ మంచి మనిషి."

"మంచి మనిషే. ఆవిడా వాళ్ళాయనకి అదే చెప్పేది, మనింట్లో తినేశానని. ఇద్దరం గోడకి అటూ ఇటూ కూర్చుని మంచినీళ్ళు తాగేవాళ్ళం."

మాస్టారు భార్యవంక చూస్తూ ఉండిపోయారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ సంగతి ఆయనకి ఇప్పుడే తెలిసింది.

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరూ తినేవారు కాదు. ఇప్పుడు ఈ పిల్ల పొద్దున్నే లేచి వెళుతోంది కనక రెండు పూటలా పొయ్యి వెలుగుతోంది. నేనూ తింటున్నాను. ఇలా అరిచే ఓపిక కూడా అందుకే వచ్చింది."

కోడలికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, దాంతోపాటు నవ్వూ వచ్చింది. "అత్తయ్యా, ఇంతకీ నన్ను తిడుతున్నారా, మెచ్చుకుంటున్నారా?"

"రెండూను. తీరిక దొరికినప్పుడు విడివిడిగా చేస్తాలే."

మాస్టారు ఓ కాలరు తీసుకుని దాని మూలలు వేలితో సవరించారు. "నా కొట్టు పోయింది కూడా ఆ ఫ్యాక్టరీ వల్లే కదమ్మా."

"అవును మామయ్యా," అంది కోడలు. సర్ది చెప్పలేదు, ఓదార్చలేదు. "కొట్టు తీసుకుంది అదే. అన్నం పెడుతున్నదీ అదే. దానికి మీమీద పగ లేదు, నామీద ప్రేమా లేదు. పిలిచి చోటివ్వదు. మనమే వెళ్ళి కూర్చోవాలి."

ఆయన మళ్ళీ గోడవైపు తిరగలేదు. కోడలు ఆ సందు చూసుకుని మంచం దగ్గరికి జరిగింది.

"మీరు చేసిన పొరపాటల్లా వీధి మొత్తాన్ని తలుచుకోవడం. ఒక్క మనిషిని తలుచుకోండి. బుట్టెడు కాలర్లూ ఆ ఒక్కడికే అనుకోండి."

"బుట్టెడు చొక్కాలు ఏం చేసుకుంటాడమ్మా వాడు?"

"కలిగినవాడు అనుకోండి. మనకెందుకు?"

మాస్టారి మొహంలో ఏదో వెలిగింది. వృత్తి తెలిసినవాడికి లెక్క కుదిరితే వచ్చే వెలుగు అది. "అయితే ఆ కొలతకి సరిపోయే మెడ ఒకటుండాలి. కళ్ళతో చూడాలి నేను."

ఫ్యాక్టరీ తెరిచిన రోజు గుర్తుగా పనివాళ్ళందరికీ తలా ఓ చొక్కా ఇచ్చారు. కోడలు తనది తెచ్చి మొగుడికిస్తే, వదులుగా ఉందని వాడు ఒక్కరోజూ తొడుక్కోలేదు. ఇప్పుడు కుడుతున్న కొలత అదే. మాస్టారు దాన్ని పెట్టెలోంచి తీయించి ముందు కొడుకు మెడకే చుట్టి చూశారు. మెడకీ కాలరుకీ మధ్య ఇంకో కొడుకు పట్టేలా ఉంది. తన మెడకి పెట్టుకున్నారు, బిగిసింది.

"ఏమే, నీకోసారి..."

"చాల్లెండి సంబడం. బయటికెళ్ళి చూసుకోండి."

వెళ్ళారు. కిందటి నెల కొట్టు మూసినప్పట్నించీ వీధిలోకి తల దించుకుని వెళ్ళి తల దించుకుని వచ్చిన మనిషి, ఆ సాయంత్రం చేతిలో చొక్కాతో తలెత్తి బయల్దేరారు. మనుషుల మొహాలు చూడలేదు, మెడలే చూశారు. పాలాయన్ని ఆపారు, కుడివైపు పట్టేసింది. మంగలి చేతిలో కత్తి ఉండగానే వెళ్ళి అతని మెడకి కాలరు చుట్టారు. సగం గడ్డంతో కుర్చీలో ఉన్నవాడు లబోదిబోమన్నాడు. పంతులు తనంతట తనే వచ్చి మెడ చాపారు, బొత్తాం దగ్గరికైనా రాలేదు. అప్పటికి మాస్టారి వెనక చిన్న ఊరేగింపు తయారైంది. నా మెడ చూడండంటే నా మెడ చూడండని ఒకటే గోల.

ఒక్కడికీ కుదరలేదు. లెక్కలు వేసి కుదిర్చిన కొలత అది, ఎవరి ఒంటిమీదనుంచీ తీసింది కాదు.

ఊరేగింపు వీధి చివర రెడీమేడు కొట్టు ముందు ఆగింది. అది మొన్నటిదాకా మాస్టారి కొట్టు. మాస్టారు కాలు కదపలేదు. కొట్టు తీసుకున్న కుర్రాడితో ఆ రోజునుంచి ఆయన మాట్లాడలేదు. వాడు చొక్కాలు మడతపెడుతున్నవాడల్లా గుంపుని చూసి బిక్కచచ్చిపోయాడు.

"బాబాయ్, ఏమైంది? నేనేం చేశాను?"

మాస్టారు వాడి మెడ చూశారు. గుటకలు మింగుతున్న ఆ మెడ ఆయనకి కొత్తదేం కాదు. వాళ్ళ నాన్న పాత చొక్కా తిప్పి, చిన్నది చేసి, బడిలో చేరిన రోజు వాడికి తొడిగింది ఆయనే.

గడప దాటి లోపలికెళ్ళారు. "ఇలా రా. మెడెత్తు."

వాడు కళ్ళు మూసుకుని మెడెత్తాడు. పీక పిసికేస్తారనే అనుకున్నాడు పాపం. మాస్టారు కాలరు చుట్టి పై బొత్తాం పెట్టారు. అతికినట్టు కూర్చుంది. వేలు దూర్చి చూశారు. ఒక్క వేలు దూరింది, రెండోది దూరలేదు. కాలరంటే అలా ఉండాలి.

"వీడిది!" అన్నారు గట్టిగా. గొంతులో సగం కోపం, సగం ఆనందం. "ఊరందర్నీ వదిలేసి వీడి మెడకి సరిపోయిందేమిట్రా భగవంతుడా!"

వీధంతా ఘొల్లుమంది. కుర్రాడు ఒక కన్ను తెరిచాడు. "నా మెడ పనికొచ్చిందా బాబాయ్?"

మాస్టారు వాడి మెడచుట్టూ కాలరు సర్దుతూ కాసేపు నిలబడ్డారు. కిందటి నెలంతా దాచుకున్న తిట్లు బోలెడున్నాయి. వాడి మొహం చూస్తే అవేవీ నోటికి రాలేదు.

"నీ మెడ చల్లగుండ," అని బయటికి వచ్చేశారు.

మర్నాడు ఫ్యాక్టరీలో మేడమ్ బుట్ట తెచ్చి ఆయన ముందు పెట్టింది. "బుట్టకి ఒకటో అరో తప్పుపోతే ఫరవాలేదు మాస్టారూ. అంతకు మించితే నేనేం చెయ్యలేను."

"ఒకటి చాలమ్మా," అన్నారాయన.

ఆ మాటకి అర్థం మేడమ్‌కి తెలియలేదు. అడిగే తీరికా లేదు.

కోడలికి ఆ పూట చేతులు ఆడలేదు. మిషన్ల హోరులో మామగారి మిషను చప్పుడు విడిగా వినిపిస్తున్నట్టే ఉంది. ఆగుతోందా, నడుస్తోందా? నడుస్తోంది. బుట్ట నిండింది. బల్లమీదికి వచ్చింది.

మొదటి కాలరు అట్టమీద పెట్టింది. సరిపోయింది. రెండోది సరిపోయింది. ఒక్కొక్కటే పెడుతూ పోయింది. అన్నీ ఒకే మెడవి. ఒక్కో కాలరు పక్కన పెడుతుంటే, అవన్నీ తొడుక్కుని రెడీమేడు కుర్రాడు వరసగా నిలబడినట్టనిపించి లోలోపల నవ్వుకుంది. బుట్ట అడుగు కనిపించింది. ఒక్కటి మిగిలింది.

అది అట్టమీద కుదరలేదు. తిప్పి పెట్టింది. కుదరలేదు. అట్ట కంటే బాగా చిన్నది. ఇంత చిన్న మెడ మగాడికి ఉండదు.

తలెత్తి చూసింది. మాస్టారు మిషను ముందు కూర్చుని ఇటే చూస్తున్నారు. ఆయన చెయ్యి మెల్లిగా తన మెడ పక్కన ఒకసారి తట్టుకుంది. కోడలి చెయ్యి అనుకోకుండా తన మెడ మీదికే పోయింది. తనిఖీ బల్లల దగ్గర వేసుకునే నీలం కోటు అందరికీ ఒకటే కొలత. దాని కాలరు కోడలికి గడ్డందాకా వస్తుంది. వంగి అట్ట చూసినప్పుడల్లా చర్మం ఒరుసుకుని మండుతుంది. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. నిన్న ఉన్న కాసేపట్లోనే ఆయన చూసేశారు.

సరైన కొలతకి కుడితే అది లోపలికి, చొక్కాకి పోతుంది. తప్పుదయితేనే ఇంటికొస్తుంది, కోటుకి మార్చి కుట్టుకోవచ్చు.

కోడలు ఎర్రచుక్క తీసి ఆ కాలరు మూలన అంటించింది. చెయ్యి ఈసారి బాగా వణికింది.

"ఆగు. ఏదీ, ఇలా ఇవ్వు."

వెనకే మేడమ్. ఎప్పుడొచ్చిందో! కాలరు తీసుకుని అట్టమీద పెట్టింది. పక్కనున్న బుట్ట చూసింది. "అన్నీ సరిపోయి ఇదొక్కటే ఎందుకు తప్పింది?"

మాస్టారు లేచి నిలబడ్డారు.

"తప్పలేదమ్మా. అది కావాలనే కుట్టాను."

మేడమ్ కాలరు వంక చూసింది, కోడలి మెడ వంక చూసింది. ఆవిడ ఒంటిమీదా అదే నీలం కోటు. ఆవిడ వేలు తెలియకుండానే సొంత కాలరులోకి దూరి మెడ పక్కన గోక్కుంది.

"రేపు పని మొదలవకముందే మామా కోడలూ ఇద్దరూ నా గదికి రండి," అని, ఆ కాలరు కోటు జేబులో పెట్టుకుని చరచరా వెళ్ళిపోయింది.

మాస్టారు బల్ల దగ్గరికొచ్చి గొంతు తగ్గించి అడిగారు. "ఇంతకీ నన్ను ఉంచుకున్నట్టా, పొమ్మన్నట్టా తల్లీ?"

"నాకూ తెలీదు మామయ్యా," అంది కోడలు. కన్నీళ్ళు కారుతూనే ఉన్నాయి, నవ్వు ఆగడం లేదు. "నా కాలరు మాత్రం ఆవిడ పట్టుకుపోయింది."